అప్‌డేట్ కొట్టే ముందు వెనక్కొచ్చే దారి చూసుకోండి

ఫోన్‌లో యాప్ అప్‌డేట్ అంటే ఒక్క ట్యాప్. తేడా వస్తే తీసేసి మళ్లీ వేసుకుంటాం. డేటాబేస్‌తో అట్లా కుదరదు. సాఫ్ట్‌వేర్ మళ్లీ దొరుకుతుంది, పోయిన డేటా దొరకదు.

మన సికింద్రాబాద్ నుంచే మొదలుపెడదాం. రైల్వే రిజర్వేషన్ సిస్టమ్‌కి దేశంలో ఉన్న ఐదు సెంటర్లలో మనది ఒకటి. కోవిడ్ టైమ్‌లో స్పెషల్ రైళ్ల నంబర్లు సున్నాతో మొదలయ్యేవి, గుర్తుందా? 2021 నవంబర్‌లో వాటిని మళ్లీ మామూలు నంబర్లకి మార్చాల్సి వచ్చింది. అప్పటికే బుక్ అయిన టికెట్ల డేటా కూడా మారాలి. ఒక్క ఎంట్రీ తప్పినా ఎవరో ఒకరు ప్లాట్‌ఫామ్ మీద టెన్షన్ పడతారు.

అందుకే ఒకేసారి మార్చలేదు. 14వ తేదీ నుంచి వరసగా ఏడు రాత్రులు, 11:30 నుంచి పొద్దున 5:30 దాకా రిజర్వేషన్ ఆపి, దశలవారీగా పని పెట్టుకున్నారు. జనానికి ముందే చెప్పారు. ఆ టైమ్‌లో బయల్దేరే రైళ్ల చార్టులు ముందే రెడీ చేయాలన్నారు. 139 ఎంక్వైరీ మాత్రం ఆపలేదు.

మన చిన్న సర్వర్‌కైనా పద్ధతి ఇదే.

ఒకటి, రిలీజ్ నోట్స్ చదవండి. పోస్ట్‌గ్రెస్‌లో 16.3 నుంచి 16.4 అంటే మామూలుగా కొత్త ప్రోగ్రామ్ పెట్టి రీస్టార్ట్ చేస్తే చాలు. 15 నుంచి 16 అంటే డేటానే కొత్త వెర్షన్‌లోకి తరలించాలి. అది వేరే లెవల్ పని.

రెండు, బ్యాకప్‌ని వేరే మెషిన్‌లో రీస్టోర్ చేసి చూడండి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీర్ పొరపాటున అసలు డేటాబేస్‌నే డిలీట్ చేశారు. బ్యాకప్ కోసం వెతికితే లేదు! డేటాబేస్ 9.6, బ్యాకప్ తీసే టూల్ మాత్రం 9.2. అది ఫెయిలవుతున్నట్టు ఎవరికీ తెలియలేదు. చివరికి దాదాపు ఆరు గంటల డేటా పోయింది.

మూడు, ఆ రీస్టోర్ చేసిన కాపీ మీదే అప్‌డేట్ రిహార్సల్ చేయండి. ఎంతసేపు పట్టిందో రాసుకోండి.

నాలుగు, చాలామంది మర్చిపోయేది ఇదే. అప్‌డేట్ అయ్యాక యూజర్లని లోపలికి వదిలే ముందే అంతా చెక్ చేయండి. వాళ్లు కొత్త ఆర్డర్లు పెట్టేశాక పాత బ్యాకప్‌కి వెళ్తే ఆ ఆర్డర్లన్నీ గల్లంతే. అందుకే ముందే డిసైడ్ అవ్వండి: ఫలానా టైమ్‌కి పని కాకపోతే వెనక్కి వెళ్లిపోవడమే.

ఇంత భయం ఉంటే అప్‌డేటే మానేస్తాం అంటారా? అప్పుడు సెక్యూరిటీ లోపాలు అట్లాగే ఉండిపోతాయి. అదీ డేంజరే.

కాబట్టి ఈ రాత్రి మీ బ్యాకప్ ఒకటి రీస్టోర్ చేసి చూడండి. తెరుచుకుందో లేదో కామెంట్‌లో చెప్పండి.