మందు మధ్యలో ఎందుకు ఆగుతోంది?



పండుగ వేదిక మీద రోగాల మాటేంటని అనుకోవద్దు. మేం హాస్టల్ వార్డెన్లం. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ గల్లీల్లో మన గూడేల, తండాల పిల్లలు ఎంతోమంది ఉద్యోగ పరీక్షలకు చదువుతున్నారు. పగలు సిటీ సెంట్రల్ లైబ్రరీ, రాత్రి నలుగురు సర్దుకునే గది. ఆ గదుల్లో మందులు సగంలో ఆగిపోతుంటే మేం చూస్తున్నాం. నిర్లక్ష్యం అని తిట్టడం సులువే. కూర్చోబెట్టి అడిగితే మాత్రం బయటపడేది అనుమానం.

టీబీ సంగతే చూడండి. మామూలు టీబీకి ఆరు నెలల మందు. మొదటి రెండు నెలలు నాలుగు రకాలు, తర్వాత నాలుగు నెలలు మూడు రకాలు. కొన్ని వారాలకే దగ్గు తగ్గుతుంది, ఆకలి వేస్తుంది. అప్పుడు మొదలవుతుంది: "తగ్గింది కదా, ఇంకా ఎందుకు?" లోపల క్రిములు మిగిలే ఉంటాయి. మధ్యలో మానితే మందుకు లొంగని టీబీగా మారే ప్రమాదం ఉంది. ఇంకో భయం, మూత్రం నారింజ రంగులో రావడం. అది రిఫాంపిసిన్ రంగు, ఆ ఒక్క మాట ముందే చెబితే చాలు. ఎవరూ చెప్పరు. పిల్ల భయపడి ఊరికి ఫోన్ చేస్తుంది, అమ్మ "మందు వేడి చేసింది, ఆపెయ్ బిడ్డా" అంటుంది. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా వెంటనే డాక్టర్ దగ్గరికి పోవాలి. ఏది మామూలో, ఏది ప్రమాదమో తెలియనప్పుడు ఏ మనిషైనా మందే పక్కన పెడతాడు.

ఇంకొకటి, గది యజమానికి తెలిస్తే వెళ్లగొడతాడేమో అన్న బెంగ. గోలీలు పుస్తకాల వెనక దాస్తారు, గది మారితే మందూ పోతుంది. నిక్షయ్ నంబరు ఉంటే వేరే చోట ప్రభుత్వ కేంద్రంలోనూ చికిత్స కొనసాగించవచ్చని వాళ్లకు తెలియదు.

పైగా ఈ వీధుల్లో ఏది ఖాయం? 2022 అక్టోబర్‌లో రాసిన గ్రూప్-1 ప్రిలిమ్స్ రద్దయింది, 2023 జూన్‌లో మళ్లీ రాస్తే అదీ రద్దయింది. అలా దెబ్బ తిన్న పిల్లకు "ఆరు నెలలు మింగు, తగ్గుతుంది" అంటే నమ్మకం రావాలంటే, చెప్పే మనిషి పక్కన కూర్చోవాలి.

సికిల్‌సెల్‌లో చిక్కు వేరు. 2023 జూలై 1న కేంద్రం మొదలుపెట్టిన మిషన్ కింద పరీక్షలు చేసి కార్డులు ఇస్తున్నారు. వాహకులకు సాధారణంగా మందు అక్కర్లేదు. జబ్బు ఉన్నవాళ్లలో డాక్టర్ రాసినవారు హైడ్రాక్సీయూరియా రోజూ వేసుకోవాలి. కార్డు చదివి చెప్పేవాళ్లు లేక, వాహకులు భయపడుతున్నారు, జబ్బున్నవాళ్లు ధైర్యంగా మానేస్తున్నారు! ఈ మందు చేసే మేలు నొప్పి రాకపోవడం. రాని నొప్పిని ఎవరు లెక్కపెడతారు?

మేం పిల్లలను చీటీతో పాటు నాలుగు ప్రశ్నలు అడిగి రమ్మంటున్నాం. ఎన్నాళ్లు వాడాలి? ఏ మార్పు మామూలు? దేనికి పరుగెత్తి రావాలి? ఒక పూట మరిస్తే ఏం చేయాలి? సభ అయ్యాక గోండి, కోయ, లంబాడీ వచ్చిన అక్కలు కొంచెం ఆగండి. వాటిని మన భాషల్లో రాసుకుని, ఊళ్లో అమ్మలకు ఫోన్‌లో వినిపించాలి.