కువైట్‌కు పోని చందా

(అనంతపురంలో జరిగిన మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వలస స్త్రీల ఆరోగ్య హక్కు మీద మాట్లాడమని పిలిచారు. నేనొక పేపరు రాసుకుని వచ్చాను. కాని పొద్దున్నుంచి మీ అనుభవాలు వింటుంటే దాన్ని సంచీలోనే ఉంచి, ఒక చందా సంగతి చెప్పాలనిపిస్తోంది. 2017 చివర్లో కువైట్‌లో జబ్బుపడ్డ ఒక స్త్రీ కోసం మేం కొంతమందిమి డబ్బు పోగుచేశాం. అందులో నేను చేసిన తప్పు ఉంది. ఆమె పేరు మాత్రం చెప్పను. చెప్పొద్దని ఆమే అంది.

ఆమెది కదిరి వైపు పల్లె. నా పరిశోధన కోసం ఆ ఊళ్లకు తిరిగే రోజుల్లో పరిచయం. పశువైద్యంలో కొద్దిపాటి శిక్షణ తీసుకుని, చుట్టుపక్కల నాలుగు ఊళ్ల జీవాలకు వైద్యం చూసేది. తొలకరికి ముందు నట్టల మందు తాపడం, చిటుక రోగానికీ నీలినాలుకకూ టీకాలు వేయించడం, ఐసు పెట్టిన టీకాల డబ్బా ఒళ్లో పెట్టుకుని బస్సులో రావడం - ఇదీ పని. అర్ధరాత్రి మేక ఈనలేకపోతే ఆమె తలుపే తట్టేవాళ్లు. ఇన్నేళ్లలో ఆమెకు జీతం అన్నది లేదు. నా నోటు పుస్తకంలో ఆమె పేరు పక్కన 'స్వచ్ఛంద కార్యకర్త' అని రాసుకున్నాను. అదే పల్లెల్లో గోపాలమిత్రలుగా తిరిగిన మగవాళ్లకు ఎంతోకొంత పారితోషికం ఉండేది. వాళ్లను నేను 'ఉద్యోగులు' అని రాసుకున్నాను. సోషియాలజీలో డాక్టరేటు చేసిన నాకు ఆ తేడా అప్పట్లో కనబడలేదు.

కరువులో పశువును బతికించేది ఎవరో మీకు నేను చెప్పనక్కర్లేదు. మైలు దూరం నుంచి కుండతో నీళ్లు మోసేది, చెట్ల కొమ్మలు విరిచి తెచ్చేది ఆడవాళ్లే. ఇక లాభం లేదని సంతకు తోలే రోజున మాత్రం పలుపు మగవాడి చేతికి పోతుంది, రూపాయలు కూడా.

వేరుశనగ వరసగా పోయింది, బోర్లు ఎండాయి, అప్పు మిగిలింది. ఏజెంటు విజిట్ వీసా మీద ఆమెను ఇంటిపనికి కువైట్ పంపాడు. అక్కడా ఆమె మారలేదు. ఎండకు నాలుక బయటపెట్టిన వీధి పిల్లులకు గిన్నెలో నీళ్లు పెట్టేది. సెలవు దొరికిన శుక్రవారం, దెబ్బ తగిలిన జంతువుల్ని చేరదీసేవాళ్ల దగ్గరికి పోయి కూలి లేకుండా కడిగి తుడిచి కట్లు కట్టేది. పిల్లి కాలికి కట్టు కడుతున్న ఆమె ఫోటో ఒకటి ఫోన్‌లో నా దాకా వచ్చింది.

కాళ్లు వాచాయి. రెండు కిడ్నీలూ దెబ్బతిన్నాయని తేలింది. పని చేయలేని మనిషి ఆ ఇంటికి బరువైంది. గొడవపడి బయటికి వచ్చేసింది. యజమాని పరారీ కేసు పెట్టాడు. అంటే మనవాళ్ల భాషలో ఖల్లివెల్లి. అకామా లేదు, ఆసుపత్రికి పోతే పట్టుకుంటారని భయం. పైగా 2017 అక్టోబరు నుంచి విదేశీయులకు అక్కడి ప్రభుత్వాసుపత్రుల్లో ఫీజులు బాగా పెంచారు.

మేం అప్పీలు రాశాం. రాసింది నేనే. 'నోరులేని జీవాలకు ప్రాణం పోసిన త్యాగమూర్తి' అని మొదలుపెట్టాను. పిల్లి ఫోటో పెట్టాను. యజమాని ఇల్లు విడిచి వచ్చిన సంగతి దాచాను. అది చెబితే చందాలు రావనుకున్నాను. అయినా ప్రశ్నలు వచ్చాయి. మనుషులు ఆకలితో చస్తుంటే పిల్లులేంటి అని ఒకరు. మొగుణ్ణి వదిలి ఎందుకు పోయింది అని ఇంకొకరు. వాటికి జవాబులు చెబుతూ చెబుతూ ఆమెను మరింత మంచిదాన్ని చేస్తూ పోయాను. కిడ్నీ జబ్బు రెండో పేజీకి జారిపోయింది.

మన జిల్లాకు బయటి డబ్బు కొత్త కాదు. 1969లో విన్సెంట్ ఫెర్రర్ ఇక్కడికి వచ్చి ఆర్డీటీ పెట్టినప్పటి నుంచి స్పెయిన్‌లో ఎవరో ఇచ్చిన డబ్బుతో ఇక్కడ ఇళ్లు లేచాయి, ఆసుపత్రులు నడిచాయి. పుట్టపర్తిలో కరుణా సొసైటీ పశువుల కడుపుల్లోంచి ప్లాస్టిక్ సంచులు తీయించి, 2012లో సుప్రీంకోర్టు దాకా పోయింది. దాన్ని నడిపిన క్లెమెంటీన్ పావ్స్ కూడా విదేశం నుంచి వచ్చిన స్త్రీయే. ఎప్పుడూ సముద్రం దాటి ఇటే వచ్చే డబ్బును ఈసారి మేం అటు పంపాలనుకున్నాం.

పొదుపు సంఘాల్లో మనిషికి పది రూపాయలని చెప్పాం. ఒక సంఘంలో నేను అప్పీలు చదివి వినిపించాను. అంతా విని ఒక పెద్దామె అడిగింది: "మేడమ్మా, ఆయమ్మ పిల్లులకు నీళ్లు పొయ్యకుంటే మనం దుడ్లు ఇయ్యమా?"

నా దగ్గర జవాబు లేదు. ఆ కాగితం మడిచి పెట్టేశాను. తర్వాతి ఊళ్లలో జరిగింది జరిగినట్టు చెప్పాం, పరారీ కేసుతో సహా. చందా తగ్గలేదు. గొర్రెల కాపరులు ఎక్కువే ఇచ్చారు. ఒకామె మేకపిల్లను అమ్మి తెచ్చింది.

ఇక ఆ డబ్బు పంపడం ఎట్లా? ఆమె పేర బ్యాంకు ఖాతా లేదు. అక్కడ అనుమతి లేకుండా బహిరంగంగా విరాళాలు పోగుచేస్తే నేరం, సాయం చేసే మనవాళ్లే ఇరుక్కుంటారు. అప్పుడు గాని నేను చట్టాల పుస్తకం తెరవలేదు. అసలు మొదట తెరవాల్సింది అదే. కువైట్ 2015లో తెచ్చిన 68వ నంబరు చట్టం ప్రకారం ఇంటిపని చేసే మనిషి వైద్యం యజమాని బాధ్యత. మన ప్రభుత్వం 2009లో పెట్టిన ప్రవాస భారతీయుల సంక్షేమ నిధి రాయబార కార్యాలయాల్లో ఉంది. కష్టంలో ఉన్నవాళ్ల అత్యవసర వైద్యానికీ టికెట్టుకూ అందులోంచి ఇవ్వచ్చు. ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంది. రెండేళ్లకు 275 రూపాయల ప్రీమియం, ఆసుపత్రిలో చేరితే లక్ష రూపాయల దాకా. కాని అది ఎమిగ్రేషన్ క్లియరెన్స్‌తో పోయినవాళ్లకు. విజిట్ వీసా మీద పోయిన ఆమె ఏ లెక్కలోనూ లేదు. స్త్రీలను కాపాడడానికని వయసు పరిమితులూ ఆంక్షలూ పెట్టారు. ఆ తలుపు దగ్గర ఆగిపోయిన వాళ్లను ఏజెంటు దొడ్డిదారిన తీసుకుపోతున్నాడు.

అప్పీలు మానేసి అర్జీలు రాశాం. రాయబార కార్యాలయానికి, కలెక్టరుకు, ఎంపీకి. ఇంతలో 2018 జనవరి 29 నుంచి కువైట్ క్షమాభిక్ష ప్రకటించింది. తర్వాత దాన్ని ఏప్రిల్ 22 దాకా పొడిగించారు. ఆమె అవుట్‌పాస్ మీద, జరిమానా కట్టకుండా మార్చిలో ఇల్లు చేరింది. విమానాశ్రయంలో చక్రాల కుర్చీలోంచి నన్ను చూసి మొదట అడిగింది: "అక్కా, వానొచ్చిందా?"

ఇక్కడ మరో చిక్కు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు మొదటి మూడు జిల్లాల్లో మనదీ ఒకటి. డయాలసిస్ అందులో వస్తుంది. కాని ఊళ్లో లేదని రేషన్ కార్డులో ఆమె పేరు తీసేశారు. ఒక ఆఫీసు చుట్టూ మూడు వారాలు తిరిగాం. మేం పోగుచేసిన డబ్బు నిజంగా ఖర్చయింది ఆ మూడు వారాలకే. కువైట్‌కు ఒక్క రూపాయి పోలేదు.

లెక్క చెప్పడానికి సంఘం కూర్చున్నప్పుడు ఆమె కూడా వచ్చింది. మిగిలిన డబ్బు ఆమెకే ఇవ్వాలని అందరూ అన్నారు. నేను 'సహాయం' అన్న మాట వాడాను. ఆమెకు కోపం వచ్చింది. "పన్నెండేండ్లు మీ జీవాలకు మందు తాపినా. దాని కూలి ఇస్తే తీసుకుంటా. దానం వద్దు" అంది. కొందరికి ఆ మాట కష్టమనిపించింది. చందా ఇచ్చినవాళ్లను అవమానించినట్టుందని ఒకామె లేచిపోయింది. వాదన చీకటి పడేదాకా నడిచింది. చివరికి పుస్తకంలో 'కూలి బాకీ' అని రాసి, వేలిముద్రలు వేశారు.

ఆమె ఇప్పటికీ వారానికి రెండుసార్లు బస్సెక్కి డయాలసిస్‌కు పోయొస్తోంది. ఇంజెక్షన్ చేయలేదు గాని, తన పని నేర్చుకుంటున్న ఇద్దరు అమ్మాయిల పక్కన నిలబడి చెబుతుంది. వాళ్లకు ఒక్కో జీవానికి రెండు రూపాయలు ఇవ్వాలని సంఘం తీర్మానించింది. ఇద్దరు ముగ్గురు ఆసాములు ఇంకా ఎగ్గొడుతున్నారట. వాళ్ల పేర్లు సంఘం గోడ మీద సుద్దతో రాసి ఉన్నాయి, మొన్న పోయినప్పుడు చూశాను.