డెబ్భై నాలుగేళ్ళ లైఫ్ సర్టిఫికెట్

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి నాకన్నా బాగా తెలిసినవారు ఇప్పటికే మాట్లాడారు. అందుచేత నేను వేరే విషయం ఎత్తుకుంటున్నాను. అమెరికాలో ఒక నల్లజాతి గిటారు విద్వాంసుడున్నారు. ఆయన సంగతి చెబుతాను. గుమాస్తాకి గిటారుతో ఏం పని అని మీరు నవ్వుకోవచ్చు. మా మనవడు మొదటిసారి వినిపించినప్పుడు నేనూ ఆ మాటే అన్నాను. సౌండు తగ్గించరా అని కసిరాను కూడా.

ఆయన పేరు బడ్డీ గై. 2010 అక్టోబరులో 'లివింగ్ ప్రూఫ్' అనే ఆల్బమ్ విడుదల చేశారు. అప్పటికి ఆయన వయసు 74. ఇప్పుడు నా వయసూ అంతే. 'లివింగ్ ప్రూఫ్' అంటే బతికున్న రుజువు. మనం ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్టు కూడా అదే కదా! మనం వేలిముద్ర వేసి ఇస్తాం, ఆయన అదే వేలితో తీగ లాగి ఇచ్చారు.

బ్లూస్ అనేది అమెరికా దక్షిణాదిన పత్తి చేలల్లో చాకిరీ చేసిన నల్లవారి నోట పుట్టిన పాట. కట్టుబడి చాలా చిన్నది. సాధారణంగా ఒక చరణం పన్నెండు కొలతల్లో ముగుస్తుంది. మొదటి మాటనే రెండుసార్లు అంటారు, మూడోసారి దానికి జవాబు చెబుతారు. గిటారు మీద తీగను పక్కకు నెట్టి స్వరాన్ని వంచుతారు. మన వీణలో తీగ లాగి గమకం పలికించడం విన్న చెవులకు అది మరీ పరాయిగా ఉండదు. ఈ సంగతి నాకు నాలుగోసారి విన్నాక గాని తెలియలేదు.

ఈయన 1936 జూలై 30న లూసియానా రాష్ట్రంలో లెట్స్‌వర్త్ అనే పల్లెలో కౌలు కుటుంబంలో పుట్టారు. చిన్నతనంలో పత్తి ఏరారు. ఇంటి కిటికీకున్న దోమల జాలీలోంచి తీగ పీకి వాయించేవాడినని ఆయనే చెప్పుకున్నారు. తరువాత బాటన్ రూజ్‌లో విశ్వవిద్యాలయంలో ఊడ్చి తుడిచే పనికి కుదిరారు. 1957 సెప్టెంబరు 25న చికాగో చేరారు. అక్కడ ఆకలితో ఉన్నప్పుడు అన్నం పెట్టిన పెద్దదిక్కు మడ్డీ వాటర్స్, ఆ రోజుల్లో చికాగో బ్లూస్‌కి ఆయనే పెద్ద.

చెస్ అనే రికార్డు కంపెనీ ఈయనను ఇతరుల పాటలకు వెనక వాయించడానికే ఎక్కువగా వాడుకుంది. సభల్లో ఎలా వాయించేవారో అలా రికార్డు చేయనివ్వలేదు, అది రొద అన్నారు. మన భాషలో చెప్పాలంటే నోట్‌ఫైలు ఈయన రాస్తే సంతకం మరొకరిది. 1967 దాకా పగలు చెడిపోయిన కార్లను లాక్కెళ్ళే బండి నడిపి, రాత్రి గిటారు వాయించేవారు. ఆ తరువాత పేరున్నా, 1980లలో స్వదేశంలో కంపెనీ ఒప్పందం లేకుండా ఏళ్ళు గడిచాయి. 1991లో వచ్చిన ఆల్బమ్‌తో నిలదొక్కుకున్నారు. అప్పటికి 55 ఏళ్ళు.

55 అనగానే మీలో కొందరు ఉలిక్కిపడి ఉంటారు. 1983లో మన రాష్ట్రంలో పదవీ విరమణ వయసు 58 నుంచి 55కి దించినప్పుడు, మా సెక్షన్‌లో ఒక పెద్దాయన పూలదండ బల్లమీద పెట్టి, "నేను ముసలివాణ్ణని నిన్నటిదాకా నాకు తెలియదయ్యా" అన్నారు. ఆ వయసుకి ఈయన పని మొదలుపెట్టారు!

ఇక ఆల్బమ్ సంగతి. మొదటి పాట పేరే 'సెవెంటీ ఫోర్ ఇయర్స్ యంగ్'. మెల్లగా, పెద్దాయన అరుగు మీద కూర్చుని కబుర్లు చెబుతున్నట్టు మొదలవుతుంది. ఇంతలో గిటారు విరుచుకుపడుతుంది. పూర్వం రొద అన్నారే, అదే! ఇక దాన్ని వద్దనేవారు లేరు. కుర్రతనం నటించడం నాకు కనపడలేదు. గొంతులో వయసు వినపడుతూనే ఉంటుంది, దాన్ని దాచలేదు.

నాకు మరీ నచ్చింది 'స్టే ఎరౌండ్ ఎ లిటిల్ లాంగర్'. ఇందులో బి.బి. కింగ్ తోడు పాడారు. అప్పటికి కింగ్ గారికి 85. ఇద్దరి వయసులూ కలిపితే 159. ఇంకొన్నాళ్ళు ఉండమని ఒకరినొకరు కోరుకుంటున్నట్టు ఉంటుంది. 2015లో కింగ్ గారు వెళ్ళిపోయారు. ఇప్పుడు ఆ పాట వింటుంటే నాకు కొంచెం కష్టంగానే ఉంటుంది. ఆల్బమ్‌లో అన్నీ ఇంత గొప్పగా లేవు. శాంటానా గారితో చేసిన పాట నాకంతగా పట్టలేదు. అయినా 2011లో దీనికి గ్రామీ బహుమతి వచ్చింది. అక్కడితో ఆగలేదు, 2025లో సరిగ్గా తన 89వ పుట్టినరోజున మరో ఆల్బమ్ విడుదల చేశారు.

ఇదంతా చెప్పడానికి కారణం ఉంది. మన సభ్యులలో ఒకరు, మన సంఘం ప్రతి వార్షికోత్సవంలో వయొలిన్ వాయించేవారు. నేను హార్మోనియంతో పక్కన కూర్చునేవాడిని. రెండేళ్ళుగా వేళ్ళు వణుకుతున్నాయని మానేశారు. "తప్పు పలికి నలుగురిలో నవ్వులపాలు కాలేను బావా" అన్నారు. పేరు చెప్పను, వెనక వరసలో తల దించుకుని కూర్చున్నారు. పోయినవారం వారింటికి వెళ్ళి ఈ పాట వినిపించాను. ఏమీ అనలేదు. రెండోసారి పెట్టమన్నారు. లేవబోతుంటే, వయొలిన్ పెట్టె తాళంచెవి ఎక్కడుందో కోడలినడిగారు.

వచ్చే వార్షికోత్సవంలో ప్రార్థన తరువాత పది నిమిషాలు ఖాళీగా ఉంచమని కార్యదర్శి గారికి కాగితం ఇచ్చాను. దయచేసి మంజూరు చేయవలసిందిగా కోరుతూ, సెలవు తీసుకుంటున్నాను.