చిగురుపన్ను నేర్పిన పాఠము
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



నేను లెక్కలు వ్రాయువాడనే గాని పండితుడను గాను. ఈ గ్రంథాలయపు బీరువాలోని భారతమును కూడబలుకుకొని చదివినవాడను. శాంతిపర్వములో భీష్ముడు ధర్మరాజునకు, తుమ్మెద చెట్టును నొప్పింపక తేనె గొనునట్లు రాజు పన్ను గొనవలెనని బోధించెను. ఆ నీతి మరచిన పాలన ఏమగునో మన గోదావరి చరిత్రమే చెప్పును.

ధవళేశ్వరము ఆనకట్ట 1847లో ఆరంభమై 1852లో ముగిసినది. కాలువలు పారి డెల్టా పచ్చబడినది. అదే జిల్లాలో, ఎగువనున్న రంప మన్యమున, 1879 మార్చిలో తిరుగుబాటు చెలరేగినది. దీనికి కారణము కొండనేల కాదు, కొండవారి స్వభావమును గాదు. వారిపై నడచిన శాసనము.

మన్యములో ముఠాదారులు స్వల్పమైన కట్టుబడి చెల్లించి గ్రామముల ననుభవించుచుండిరి. వారిపైనున్న మన్సబుదారు కల్లుచెట్లపై చిగురుపన్ను విధించెను. పిమ్మట ప్రభుత్వము ఇంటి వాడుకకైనను కల్లు గీయరాదని ఆబ్కారీ నిబంధనలు తెచ్చి, ఆ రాబడిని గుత్తకిచ్చినది. గుత్త మన్సబుదారునకే దక్కినది. భారము కొండవారిపై బడినది. మరియొకవంక మైదానపు వర్తకులు అప్పులిచ్చి, పత్రములు వ్రాయించుకొని, దూరపు కోర్టులలో ఏకపక్షపు డిక్రీలు పొంది, వారి పశువులను జప్తు చేయించిరి. కాగితము ప్రకారము అంతయు సక్రమమే! చదువనేరనివానికి, కోర్టుకు పోజాలనివానికి ఆ సక్రమమే ఉరియైనది.

అలజడి గొలుగొండ కొండలకును, రేకపల్లెకును వ్యాపించి, సైన్యము దిగిన పిమ్మట గాని అణగలేదు. చివరకు ప్రభుత్వము మన్సబుదారుని తొలగించి, ముఠాదారులతో నేరుగా ఒడంబడిక చేసికొన్నది. ఆ పని ముందే చేసియున్నచో ఎన్ని ప్రాణములు దక్కెడివి!

కొండవారి భూములు పరుల పాలుగాకుండ 1917లో చట్టము, 1959లో వేరొక నిబంధన వచ్చినవి. 1970 నాటి సవరణ దానిని బిగించినది. 1997లో సమతా తీర్పున సుప్రీంకోర్టు, ప్రభుత్వము సైతము షెడ్యూల్డు ప్రాంతములోని తన భూమిని ప్రైవేటు గనుల సంస్థలకు కౌలుకీయరాదనెను. అయినను చట్టము పుస్తకములో నున్నంతమాత్రమున చాలదు; దానిని తెలిసి అడుగువాడు కావలెను.

ఒక్క మాట చెప్పి విరమింతును. నేను వ్రాసిన కాగితమును చదివి వినిపింపకయే వేలిముద్ర వేయించిన దినములు నా జీవితమునను గలవు. మన్యపు కథ చదివిననాడు సిగ్గుపడితిని. కావున నేటినుండి ప్రతి శనివారము సాయంకాలము ఈ గ్రంథాలయపు అరుగుపై కూర్చుందును. పట్టాయైనను, ప్రోనోటైనను, నోటీసైనను తెండు. సంతకమునకు ముందే తెండు. చదివి అర్థము చెప్పుదును. ఇరువదియైదేండ్లు నాకు పుస్తకములిచ్చిన ఈ గ్రంథాలయమునకు నేను చెల్లింపగల కట్టుబడి ఇదియే.