వెతకడం మానకూడదు



2017 మార్చిలో నేపాల్‌కు ట్రెక్కింగుకు వెళ్లిన తైవాన్ జంట ఒకటి మంచులో దారి తప్పింది. కిందికి పోతే ఊరొస్తుందని ఏరు వెంట దిగారు. జారిపడి, పైకెక్కలేక చిక్కుకుపోయారు. 47వ రోజున వెతికేవాళ్లకు 21 ఏళ్ల కుర్రాడు ప్రాణాలతో దొరికాడు. తిండి అయిపోయాక నీళ్లు, ఉప్పుతో బతికాడు. 19 ఏళ్ల అమ్మాయి అంతకు మూడు రోజుల ముందే చనిపోయింది.

సుబేదారుగా నేనూ మంచులో మనుషుల కోసం వెతికాను. ‘ఇక లాభం లేదు’ అన్న మాట నా నోటా వచ్చింది. ఈ సంగతి చదివాక సిగ్గుపడ్డాను.

మన పిల్లలూ కొండలెక్కుతున్నారు. వెళ్లే దారి, తిరిగొచ్చే తేదీ ఇంట్లో రాసిచ్చి వెళ్లమనండి. దారి తప్పితే ఉన్నచోటే ఉండమనండి. వెతకడం మన పని.

జైహింద్!