సర్పగంధ వేరు, మనిషి గుబులు

ఈ ఉపన్యాసానికి పిలిచినప్పుడే గుబులు గురించి మాట్లాడాలనుకున్నాను. గుండె దడ, నిద్ర పట్టకపోవడం, కారణం తెలియని భయం... వీటితో నా దగ్గరికి వచ్చేవాళ్లు చాలామంది ముందు తమను తామే తిట్టుకుంటారు, "నేను ఉత్త పిరికిదాన్ని డాక్టరుగారూ" అని. ఆ మాట తప్పని చెప్పడానికే వచ్చాను.

ఎండాకాలం తెల్లారకముందే తునికాకు కోతకు పోయే మనిషిని తీసుకోండి. ఆకు తెంపబోయిన చెయ్యి చటుక్కున వెనక్కి వస్తుంది. ఎదురుగా కనబడింది పామా, ఎండు తీగా అన్నది తర్వాత సంగతి. కంటి కబురు మెదడు లోపల బాదంగింజంత ఉండే అమిగ్డాలాకు ముందు చేరుతుంది. నిదానంగా పోల్చుకునే పైపొరకు అది కాస్త ఆలస్యంగా అందుతుంది. ఈలోగా అడ్రినలిన్ విడుదలై గుండె దడదడలాడుతుంది, నోరెండిపోతుంది, అరచేతులు చెమర్చుతాయి. ప్రాణం కాపాడే ఏర్పాటు ఇది. ఆందోళన జబ్బు ఉన్నవాళ్లకు పాము లేకపోయినా, ఇంట్లో మంచం మీద కూర్చున్నా ఇదంతా జరుగుతుంది. మరి వాళ్లను "ధైర్యంగా ఉండు" అని కసిరితే ఏం లాభం?

నాడీకణాల ఉద్రేకాన్ని తగ్గించేది గాబా అనే రసాయనం. 1960లో వచ్చిన లిబ్రియం, 1963లో వచ్చిన వాలియం అనే మందులు దాని పనికే బలమిస్తాయి. అవి త్వరగా నెమ్మది కలిగిస్తాయి కానీ, వారాల తరబడి మింగితే వదలని అలవాటవుతాయి. మందుల షాపులో నోటిమాటతో కొనుక్కునే మాత్రలు కావవి.

మనసు వెనక రసాయనాలున్నాయని రుజువు కావడంలో మన దేశపు అడవి మొక్క ఒకటి పెద్ద పనే చేసింది. అదే సర్పగంధ. దాని వేరును పాముకాటుకూ, మతి చలించినవాళ్లకూ తరతరాలుగా వాడారు. 1931లో ఢిల్లీలో సలీముజ్జమాన్ సిద్దిఖీ ఆ వేరులోని ఆల్కలాయిడ్లను విడదీశారు. 1949లో బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ అది రక్తపోటు తగ్గిస్తుందని ప్రపంచానికి తెలియజేశారు. 1952లో స్విట్జర్లాండ్‌లో ఆ వేరులోంచి రిసర్పిన్ అనే పదార్థం బయటపడింది. అది మెదడులోని సెరోటోనిన్ అనే రసాయనం నిల్వలను ఖాళీ చేస్తుందని 1955లో అమెరికాలో తేలింది. 1957లో స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్లకు రిసర్పిన్ ఇస్తే, అవి చెవులు వాల్చి కదలకుండా పడిపోయాయి. మెదడులో డోపమిన్ అనే రసాయనంగా మారే ఎల్-డోపాను సూదితో ఇస్తే కాసేపట్లో లేచి తిరిగాయి. డోపమిన్ మీద చేసిన ఆ పనికి ఆయనకు 2000లో నోబెల్ వచ్చింది. రిసర్పిన్ వాడిన కొందరు రోగులు దిగులులో కూరుకుపోయారని కూడా ఆనాటి డాక్టర్లు రాశారు. కనుక వేరు తవ్వి నూరుకుని తాగమని ఎవరు చెప్పినా వినకండి.

"మా అమ్మకూ ఇలాగే ఉండేది" అంటారు చాలామంది. అందులో నిజముంది. కవలల మీద జరిగిన పరిశోధనల ప్రకారం, ఆందోళన జబ్బుల విషయంలో మనిషికీ మనిషికీ ఉండే తేడాలో సుమారు 30 నుంచి 40 శాతం జన్యువులది. అయితే ఏ ఒక్క జన్యువో కాదు. మన ఆర్యవైశ్యుల్లో కొందరికి ఒకే జన్యువులోని మార్పు వల్ల ఆపరేషన్‌లో కండరాలు సడలించడానికిచ్చే సక్సినైల్‌కోలిన్ త్వరగా విరగదు, ఊపిరి తీసుకోవడం ఆలస్యమవుతుంది. అక్కడ కారణం ఒక్కటే. గుబులు అలా కాదు. 1996లో సెరోటోనిన్‌కు సంబంధించిన ఒక జన్యువు దొరికిందని గొప్పగా చెప్పుకున్నారు. తర్వాత లక్షల మందిని పరిశీలిస్తే, దానికి కట్టబెట్టినంత బలం కనబడలేదు. వందల జన్యువులు తలా కొంచెం పనిచేస్తాయి. వాటికి చిన్నప్పటి దెబ్బలు, అప్పులు, ఇంట్లో తాగుడు తోడవుతాయి. అందుకే ఇంట్లో ఒకరికి ఉందని పెళ్లి సంబంధం చెడగొట్టడం నాకు అన్యాయంగా తోస్తుంది.

భయపడే మెదడు నేర్చుకోగలదు కూడా. భయపెట్టే చోటికి తోడుతో కొంచెం కొంచెంగా వెళ్లిరావడం, ఆలోచనలు సరిదిద్దే కౌన్సెలింగ్, అవసరమైతే సెరోటోనిన్ పనికి తోడ్పడే మాత్రలు బాగా పనిచేస్తాయి. మాత్రల గుణం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. నాలుగు రోజులకే మానేయకండి. ఆసుపత్రికి వెళ్లడానికి మొహమాటంగా ఉంటే, 2022 అక్టోబరులో ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ ఉంది. నంబరు 14416. పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు.