సర్కండాకు వచ్చు తెలుగు చలనచిత్రము
(ప్రసంగ పాఠము)



అర్పానదికి ఒక ఒడ్డున సర్కండా, రెండవ ఒడ్డున రైల్వేస్టేషను. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమునుండి తెలుగు కుటుంబములు ఉద్యోగార్థము ఈ ప్రాంతమునకు వచ్చుచునే యున్నవి. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు బిలాసపురము ప్రధానస్థానమైనది. రైలు నడచుచోటికి ఆవకాయ జాడీలు, పంచాంగములు, బంధువులు అందరును వత్తురు. తెలుగు చలనచిత్రము కూడ వచ్చుచున్నది. కాని అది హిందీ మాటాడుచు వచ్చుచున్నది.

'బాహుబలి' (2015)లో ప్రభాసునకు శరద్ కేల్కర్, 'పుష్ప' (2021)లో అల్లు అర్జునునకు శ్రేయస్ తల్పడే హిందీ గొంతు నిచ్చినారు. ఇద్దరును సమర్థులే, వారియందు దోషము లేదు. అయితే శేషాచలపు అడవిలో ఎర్రచందనము నరకు కూలివానికి చిత్తూరు యాసయే సగము ప్రాణము. అది తీసివేసిన పిమ్మట మిగులునది భుజము, గడ్డము, గొడ్డలి. ఇచ్చటి తెలుగుబిడ్డ ఆ మూడింటినే తెలుగుదనమని తలచుచున్నాడు. చిత్రమేమనగా, కాలకేయుల కొరకు మదన్ కార్కి కల్పించిన కిలికి భాషను ఎవ్వరును అనువదింపలేదు. కాలకేయుల మాట చెక్కుచెదరక సర్కండా చేరినది. మాహిష్మతి మాట చేరలేదు!

తెలుగుకథ పరభాషకు పోవుట నూతన విషయము కాదు. కె.వి. రెడ్డిగారి 'పాతాళభైరవి' (1951) తమిళములోను, హిందీలోను కూడ వచ్చినది. 'మిస్సమ్మ' (1955) 1957లో 'మిస్ మేరీ'యై హిందీవారిని నవ్వించినది. కాని ఆనాటి తెలుగువాడు తెలుగు చిత్రమును తెలుగులోనే చూచెను. 'మాయాబజార్' (1957)లో పింగళి నాగేంద్రరావుగారు ఘటోత్కచుని పరివారముచేత పలికించిన కొత్తమాటలు పిల్లల ఆటలలోనికి, పెద్దల పరిహాసములలోనికి దిగివచ్చినవి. చిత్రము మాటల నిచ్చెడిది. ఇప్పుడిచ్చునది దృశ్యము మాత్రమే.

'ఆర్.ఆర్.ఆర్.' (2022) విషయము చూడుడు. అల్లూరి సీతారామరాజు, కొమురం భీము కలిసికొనిరనుట కేవల కల్పన. రాజు 1924లోను, భీము 1940లోను అమరులైరి. ఈ సంగతి తల్లిదండ్రులు పిల్లలకు చెప్పుట అవసరము. అందలి పాట హిందీలో 'నాచో నాచో' అయినది. అయినను 2023 మార్చిలో ఆస్కార్ వేదికపై గాయకులు పాడినది తెలుగు 'నాటు నాటు'యే. బహుమతి నందినవారు కీరవాణి, చంద్రబోసులు. లాస్ ఏంజిల్స్ వారు వినిన తెలుగును బిలాసపురపు తెలుగుబాలుడు వినకుండుట న్యాయమేనా?

పురాణచిత్రములకు వారసులుగా 'హనుమాన్', 'కల్కి 2898 ఏ.డి.' 2024లో వచ్చినవి. రెండవదానిలో యుద్ధపు సందడి మితిమీరినది. వృద్ధ అశ్వత్థామగా అమితాబ్ బచ్చన్ కనబడు ఘట్టములు మాత్రము చూడదగినవి.

ఇక హిందీ వేషము వేసికొని ఊరూర తిరుగని చిన్నచిత్రముల మాట. అసలు సంపద ఇందే యున్నది. వేణు యెల్దండి దర్శకత్వము వహించిన 'బలగం' (2023) తెలంగాణపల్లెలో ఒక వృద్ధుని మరణముతో మొదలగును. పెట్టిన పిండమును కాకి ముట్టదు. ఏండ్లక్రిందట విందులో అల్లునికి నల్లిబొక్క వేయలేదన్న పట్టింపు ఆ ఇంటి ఆడుబిడ్డను పుట్టింటికి దూరము చేసినది. ఎంత అల్పమైన కారణము! కుటుంబములు చీలునది ఇట్టివాటితోనే. కడపట బుడగజంగముల పాట వినునప్పుడు కన్నీరాగుట కష్టము. తెలంగాణలో అనేక గ్రామములవారు ఒక్కచోట తెరకట్టి దీనిని చూచినారు.

వెంకటేష్ మహా 'కేరాఫ్ కంచరపాలెం' (2018)లో నటించినవారిలో పెక్కుమంది విశాఖపట్నపు ఆ పేట నివాసులే. వారి మాట, నడక శ్రీకాకుళము, విశాఖలనుండి వచ్చిన కుటుంబములకు ఇంటిమాటవలె తోచును. '35 – చిన్న కథ కాదు' (2024) తిరుపతిలో ఒక బాలుని లెక్కల కష్టము. సున్నకు విలువ లేనప్పుడు ఒకటి ప్రక్కన చేరగనే పది ఎట్లగునని వాని సందేహము. బిలాసపురమునుండి తిరుపతికి నేరుగా రైలున్నది, ఆ తిరుపతి పిల్లవాని కథ మాత్రము ఇంటింట తెలియలేదు.

ఈ చిత్రములు అంతర్జాలము ద్వారా ఇంటితెరకు వచ్చినవే. కాని ఒక్కొక్కరు ఒక్కొక్క ఫోనులో చూచినచో బాలుడు సందేహమును ఎవరినడుగును? నెలకొక ఆదివారము కుటుంబములు ఒక్కచోట కూడి తెలుగుశబ్దముతోనే ఒక చిత్రము చూడవచ్చును. హక్కుదారుల అనుమతి ముందుగా వ్రాతమూలకముగా పొందవలెను. ఇంటిచందాతో బహిరంగప్రదర్శన చేయుట చెల్లదు. క్రింద అక్షరములు వేయవలసివచ్చిన, ఆంగ్లములోనే వేయుట మేలు. హిందీ అక్షరములున్నచో పిల్లల చెవి వెంటనే సెలవు తీసికొనును.

మొదట 'బలగం' తగును. అందలి తెలంగాణ పలుకుబడి శ్రీకాకుళపు పెద్దలకు సైతము అక్కడక్కడ కొరుకుడుపడదు. కరీంనగరము, వరంగల్లులనుండి వచ్చినవారెవరైన ప్రక్కన కూర్చుండి చెప్పవలసియుండును. తరువాతి నెలలో కంచరపాలెపు మాట వారికి చెప్పు వంతు వీరిది.